వైమానికుని శిరస్త్రాణం

తలపై ధరించే వస్తువు మనిషిని గురించి ఎన్నో విషయాలు చెబుతుంది. రైతు తలపాగా ఎండను, శ్రమను గుర్తుచేస్తుంది. రాజు కిరీటం అధికారాన్ని చాటుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి అర్ధభాగంలో యుద్ధవిమానాలు నడిపిన వైమానికులు ధరించిన తోలు శిరస్త్రాణం కూడా అటువంటిదే. చూడడానికి అది చెవుల మీదుగా దిగి గడ్డం కింద బిగించుకొనే ఒక సాధారణమైన తోలు టోపీ. అయితే దాని అస్తరు మీద కుట్టిన చిన్న చీటీ, చెవుల దగ్గరి జిప్పు, గడ్డం పట్టీకి ఉన్న బకిల్, వెనుకవైపు గాగుల్స్ జారకుండా పట్టి ఉంచే చిన్న తోలు ముక్క, ఇవన్నీ సాక్ష్యాలే. పరిశీలించే నేర్పు ఉన్నవారికి అవి ఒక దేశాన్ని, ఒక కాలాన్ని, ఎప్పుడైనా ఒక మనిషిని కూడా గుర్తించి చూపుతాయి.

నేడు ప్రపంచంలోని అనేక మ్యూజియములు ఇటువంటి శిరస్త్రాణాలను భద్రపరుస్తున్నాయి. లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం, అమెరికాలోని డేటన్ నగరంలో ఉన్న జాతీయ వైమానికదళ మ్యూజియం అందులో పేరు పొందినవి. వాటితో పాటు వ్యక్తిగతంగా సేకరించేవారు కూడా చాలామంది ఉన్నారు. సేకరించేవారు పెరిగినకొద్దీ వస్తువుల ధర పెరిగింది. ధర పెరిగినకొద్దీ నకిలీలు పెరిగాయి. అందువల్ల పాత శిరస్త్రాణాన్ని గుర్తించడం కేవలం ఒక కాలక్షేపంగా మిగలక, ఓర్పుతో, వివేకంతో చేయవలసిన పరిశోధనగా రూపొందింది. ఆ వస్తువు తనంతట తాను చెప్పే సాక్ష్యం ఎంత, మనుషులు దానికి అంటగట్టిన కథ ఎంత అని వేరుచేసి చూడడమే ఈ పరిశోధనకు ప్రాణం.

చలి, గాలి, ఆముదం

1903లో రైట్ సోదరులు తొలి విమానాన్ని ఎగురవేశారు. పట్టుమని పన్నెండేళ్లు తిరగకముందే విమానం యుద్ధసాధనమయింది. 1914లో ప్రారంభమైన మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన విమానాలలో చోదకుడు కూర్చునే చోటికి పైకప్పు లేదు. బ్రిటిష్ వారి సోప్‌విత్ కామెల్ అనే యుద్ధవిమానం గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో ప్రయాణించేది, 5000 మీటర్లకు మించిన ఎత్తుకు చేరగలిగేది. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెంటిగ్రేడు తగ్గుతుంది. నేల మీద 15 డిగ్రీలు ఉన్న రోజున 5000 మీటర్ల ఎత్తులో అది మైనస్ 17 డిగ్రీలకు పడిపోతుంది. ఆ చలికి విమాన వేగం వల్ల వీచే గాలి తోడైతే చెవులు, చెంపలు మొద్దుబారి, చర్మం గడ్డకట్టి పుండ్లు పడేవి.

చలితో పాటు మరొక చిక్కు ఉండేది. ఆ కాలపు రోటరీ ఇంజన్లలో కందెనగా ఆముదం వాడేవారు. ఇంజను గిర్రున తిరుగుతున్నప్పుడు ఆముదపు తుంపరలు వెనుక కూర్చున్న చోదకుని ముఖం మీద, దుస్తుల మీద పడేవి. ఉన్ని టోపీ పెట్టుకుంటే గాలి దూరిపోతుంది, నూనె ఇంకిపోతుంది. తోలు గాలిని చొరనీయదు, నూనెను త్వరగా పీల్చుకోదు, తల ఆకారానికి అనువుగా ఒదుగుతుంది. అందువల్ల వైమానికులు తోలును ఆశ్రయించారు. లోపల ఉన్ని గాని, ఉన్నితో కూడిన గొర్రె తోలు గాని, షామీ అనే మృదువైన తోలు గాని అస్తరుగా వేసేవారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. శిరస్త్రాణం అంటే తలను కాపాడేది అని అర్థం. కాని ఈ తోలు శిరస్త్రాణానికి తూటాను ఆపే శక్తి లేదు, పెద్ద దెబ్బను తట్టుకొనే గట్టిదనమూ లేదు. అది కాపాడినది చలి నుంచి, గాలి నుంచి, కొంతమేరకు మంట నుంచి. ఈ వాస్తవాన్ని గుర్తుంచుకుంటే తరువాతి కాలంలో అది పొందిన మార్పులన్నీ సులభంగా బోధపడతాయి.

వినడానికి, ఊపిరి పీల్చడానికి

తొలిరోజులలో శిక్షణ ఇచ్చే గురువు, నేర్చుకొనే శిష్యుడు ఒకే విమానంలో ముందు వెనుకలుగా కూర్చున్నా ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. 1917లో ఇంగ్లండులోని గోస్‌పోర్ట్ అనే చోట రాబర్ట్ స్మిత్-బారీ అనే అధికారి విమాన శిక్షణ విధానాన్ని సంస్కరించాడు. ఆ సంస్కరణలలో మాట్లాడే గొట్టం ఒకటి. గురువు గొట్టంలో మాట్లాడితే ఆ శబ్దం శిష్యుని శిరస్త్రాణానికి చెవుల దగ్గర అమర్చిన గొట్టపు కొసల ద్వారా నేరుగా వినబడేది. దానికి గోస్‌పోర్ట్ గొట్టం అనే పేరు స్థిరపడింది. ఈ విధంగా శిరస్త్రాణం చలిని ఆపే టోపీగా ఉంటూనే వినికిడి సాధనంగా కూడా మారింది.

ఆ తరువాత రేడియో వచ్చింది. గొట్టపు కొసల స్థానాన్ని ఇయర్‌ఫోన్లు ఆక్రమించాయి. విమానాలు మరింత ఎత్తుకు ఎగరసాగాయి. సముద్రమట్టం నుంచి సుమారు 5500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సగానికి తగ్గిపోతుంది. అక్కడ ఆక్సిజన్ అందకపోతే మనిషి తనకు తెలియకుండానే వివేకం కోల్పోయి, క్రమంగా స్పృహ తప్పుతాడు. అందువల్ల ఆక్సిజన్ మాస్కును తగిలించడానికి శిరస్త్రాణం చెంపల మీద కొక్కేలు, టిచ్ బటన్లు అమర్చారు. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి శిరస్త్రాణం, గాగుల్స్, మాస్కు, ఇయర్‌ఫోన్లు, మైకు అన్నీ కలిసి ఒకే పరికరంగా పనిచేయసాగాయి.

బ్రిటిష్ వైమానికదళం వస్తువులకు వేసిన భాండాగార సంఖ్యలలో ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వైమానికుల దుస్తులకు చెందిన వస్తువులకు 22సి అనే గుర్తుతో, రేడియో సామగ్రికి 10ఎ అనే గుర్తుతో, ఆక్సిజన్ సామగ్రికి 6డి అనే గుర్తుతో సంఖ్యలు ఇచ్చేవారు. తోలు శిరస్త్రాణం మీద 22సి, దానిలోని ఇయర్‌ఫోన్ మీద 10ఎ, దానికి తగిలించిన మాస్కు మీద 6డి ఉంటాయి. ఒకే తలమీద మూడు విభాగాల సామగ్రి చేరిందన్నమాట.

దేశాలు, రకాలు

బ్రిటిష్ వైమానికదళం 1930 దశకం మధ్యకాలంలో బి-రకం శిరస్త్రాణాన్ని ప్రవేశపెట్టింది. గోధుమరంగు తోలు ముక్కలను కలిపి కుట్టి, షామీ అస్తరు వేసిన శిరస్త్రాణం అది. చెవుల దగ్గర అండాకారంలో ఉబ్బెత్తుగా మెత్తలు ఉంటాయి. ఆ మెత్తలను జిప్పుతో తెరిచి, లోపల గోస్‌పోర్ట్ గొట్టపు కొసలను గాని, ఇయర్‌ఫోన్లను గాని అమర్చుకోవచ్చు. 1940 జూలై నుంచి అక్టోబరు వరకు ఇంగ్లండు ఆకాశంలో జరిగిన బ్రిటన్ సంగ్రామంలో పోరాడిన వైమానికుల ఛాయాచిత్రాలలో విరివిగా కనిపించేది ఈ రకమే. 1941 నుంచి సి-రకం వాడుకలోకి వచ్చింది. దీనిలో జిప్పు మెత్తలు లేవు, వాటికి బదులు ఇయర్‌ఫోన్లను పట్టి ఉంచే రబ్బరు గిన్నెలు ఉన్నాయి. ఉష్ణదేశాల కోసం తయారైన డి-రకం తోలుతో చేసినది కాదు. అది ఖాకీ నూలుబట్టతో కుట్టినది, ఎండ తగలకుండా మెడ మీదికి వేలాడే గుడ్డ దాని ప్రత్యేక లక్షణం.

అమెరికా సైనిక వైమానికదళం 1943లో ఎ-11 అనే తోలు శిరస్త్రాణాన్ని ప్రామాణికంగా స్వీకరించింది. ముదురు గోధుమరంగు పలుచని తోలు, షామీ అస్తరు, చెవుల దగ్గర రబ్బరు గిన్నెలు దీని లక్షణాలు. లోపల కుట్టిన చీటీ మీద రకం పేరు, ఆర్డరు సంఖ్య, తయారీదారు పేరు, పరిమాణం ఉంటాయి. బ్రిటిష్ వారు పరిమాణాన్ని అంకెలతో సూచిస్తే అమెరికా వారు చిన్న, మధ్యస్థ, పెద్ద అనే మాటలతో సూచించారు. జర్మన్ల శిరస్త్రాణాలలో తల చుట్టుకొలత సెంటిమీటర్లలో ఉంటుంది. ఈ చిన్న తేడా ఒక్కటే వస్తువు ఏ దేశానిదో తెలుసుకోవడానికి తోడ్పడుతుంది.

జర్మన్ వైమానికదళం తన శిరస్త్రాణాలను ఋతువును బట్టి విభజించింది. వాటి పేర్లలో వచ్చే డబ్ల్యు అనే అక్షరం శీతకాలాన్ని, ఎస్ అనే అక్షరం వేసవిని, ఎన్ అనే అక్షరం వలను సూచిస్తాయి. శీతకాలపు శిరస్త్రాణం ఉన్నితో కూడిన గొర్రె తోలు అస్తరు గల తోలు టోపీ. వేసవికి ఉద్దేశించినది బట్టతో చేసినది. మూడవ రకంలో నడినెత్తి భాగం గాలి ఆడేటట్లు వలవంటి బట్టతో ఉంటుంది. మాట్లాడే మైకును మాస్కులో కాక, గొంతుకు ఇరువైపులా ఆనేటట్లు పట్టీతో కట్టుకోవడం జర్మన్ల పద్ధతి.

హైదరాబాదు పేరు గల దళం

ఈ శిరస్త్రాణాల చరిత్రలో తెలుగునేలకు సంబంధించిన ఒక ఘట్టం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిష్ వైమానికదళంలోని 110వ దళానికి విమానాలు సమకూరాయి. అందువల్ల ఆ దళం పేరులో హైదరాబాదు చేరింది. రెండవ ప్రపంచ యుద్ధంలో 152వ దళానికి కూడా అదే పేరు వచ్చింది. ఈ దళానికి చెందిన స్పిట్‌ఫైర్ విమానాలు 1940లో ఇంగ్లండు దక్షిణతీరాన ఉన్న వామ్‌వెల్ విమానస్థావరం నుంచి బ్రిటన్ సంగ్రామంలో పాల్గొన్నాయి. ఆ దళపు అధికార చిహ్నం మీద ఉన్న బొమ్మ నిజాం ధరించే తలపాగా. తోలు శిరస్త్రాణాలు ధరించి ఎగిరిన ఆ యువకుల దళానికి హైదరాబాదు తలపాగా గుర్తుగా నిలవడం విశేషం. 1943 చివరలో ఆ దళం భారతదేశానికి వచ్చి, బర్మా రంగంలో పోరాడింది.

శిరస్త్రాణానికీ తలపాగాకూ పొత్తు కుదిర్చిన భారతీయుడు అంతకుముందే ఒకడున్నాడు. హర్దిత్ సింగ్ మాలిక్ 1917లో బ్రిటిష్ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి, 28వ దళంలో సోప్‌విత్ కామెల్ విమానం నడిపాడు. సిక్కుమతస్థుడైన అతడు తలపాగా తీయడానికి అంగీకరించలేదు. తలపాగా మీద పట్టేటట్లు పెద్ద శిరస్త్రాణాన్ని ప్రత్యేకంగా తయారు చేయించుకొని ధరించాడు. యుద్ధంలో కాలికి తూటాలు తగిలినా బతికి బయటపడి, తరువాత స్వతంత్ర భారతదేశపు రాయబారిగా పనిచేశాడు.

మాలిక్ ఉదంతం సేకర్తలకు ఒక ముఖ్యమైన పాఠం నేర్పుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ అధికారులు తమ విమానయాన దుస్తులను తరచుగా సొంత ఖర్చుతో దుకాణాలలో కొనుక్కొనేవారు. అందువల్ల ఆనాటి శిరస్త్రాణం మీద ప్రభుత్వ ముద్ర లేనంత మాత్రాన అది నకిలీ అనడానికి వీలులేదు. అలాగే ముద్ర ఉన్నంత మాత్రాన అసలుది అని నమ్మడానికీ వీలులేదు. ముద్ర ఒక సాక్షి మాత్రమే, తీర్పు కాదు.

గుర్తించే పద్ధతి

అనుభవం గల సేకర్త శిరస్త్రాణాన్ని చేతిలోకి తీసుకున్న వెంటనే చీటీ చదవడు. మొదట తోలును పరిశీలిస్తాడు. ధరించిన శిరస్త్రాణంలో నుదురు, మెడ, గడ్డం పట్టీ తగిలే చోట్ల చెమట మరకలు, నునుపు ఏర్పడతాయి. తల కదలికను బట్టి ముడతలు పడతాయి. కృత్రిమంగా పాతదనం కల్పించిన తోలులో గీతలు, రంగు వెలిసిన మచ్చలు అంతటా ఒకే విధంగా ఉంటాయి. వాడకం వల్ల అరిగిన చోటికి, కావాలని అరగదీసిన చోటికి తేడా ఉంటుంది. మొదటిదానికి కారణం కనిపిస్తుంది, రెండవదానికి కారణం కనిపించదు.

తరువాత కుట్లను చూస్తాడు. యుద్ధకాలపు కుట్లలో నూలు, నార దారాలు ఉంటాయి. పాలియెస్టర్ పదార్థానికి పేటెంటు లభించినది 1941లో, అది దారంగా బజారులోకి వచ్చినది యుద్ధం ముగిసిన తరువాత. కాబట్టి 1940 నాటిదని చెప్పే శిరస్త్రాణంలో పాలియెస్టర్ దారం ఉంటే, ఆ కుట్టు తరువాతి కాలంలో వేసినదని నిశ్చయించవచ్చు. అతినీలలోహిత కాంతిలో కొన్ని ఆధునిక దారాలు, బట్టలు నీలితెలుపు కాంతితో మెరుస్తాయి. వాటిలో కలిపిన తెల్లదనాన్నిచ్చే రసాయనాలు అందుకు కారణం. అయితే పాత బట్టను ఈ మధ్య డిటర్జెంటుతో ఉతికినా అది మెరిసే అవకాశం ఉంది. అందుచేత ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదు.

మూడవ మెట్టు లోహపు భాగాల పరిశీలన. బ్రిటిష్ శిరస్త్రాణాలలో లైట్నింగ్ అనే పేరు గల జిప్పులు, న్యూయీ అనే పేరు గల టిచ్ బటన్లు కనిపిస్తాయి. అమెరికా వస్తువులలో టాలన్, క్రౌన్, కాన్‌మార్ అనే జిప్పుల పేర్లు కనిపిస్తాయి. బ్రిటిష్ వస్తువు అని చెప్పే దానిలో వేరొక దేశపు జిప్పు ఉంటే కారణం అడగవలసిందే. మరమ్మతు జరిగి ఉండవచ్చు, లేదా వేరువేరు వస్తువుల ముక్కలను కలిపి కుట్టి ఉండవచ్చు.

ఆ తరువాతనే చీటీలు, ముద్రలు చదవాలి. బ్రిటిష్ వస్తువుల మీద కిరీటం, దాని కింద ఎ.ఎమ్. అనే అక్షరాలు ఉంటాయి. అవి ఎయిర్ మినిస్ట్రీకి గుర్తు. ఆ మంత్రిత్వశాఖ 1964లో రక్షణ మంత్రిత్వశాఖలో విలీనమయింది. రెండవ ఎలిజబెత్ రాణి కాలంలో, అంటే 1952 తరువాత, కిరీటపు ఆకారం మారింది. దానివల్ల రాజు కాలపు ముద్రకు, రాణి కాలపు ముద్రకు తేడా తెలుస్తుంది. అమెరికా విషయంలో పేరు మార్పులు ఉపయోగపడతాయి. ఆర్మీ ఎయిర్ కోర్ 1941 జూన్‌లో ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్‌గా మారింది, 1947 సెప్టెంబరులో స్వతంత్రమైన ఎయిర్‌ఫోర్స్ ఏర్పడింది. చీటీ మీద ఏ పేరు ఉందో దానిని బట్టి కాలాన్ని స్థూలంగా ఊహించవచ్చు. పాత చీటీలు కొంతకాలం వాడుకలో కొనసాగుతాయి కనుక అది ఊహకు ఆధారమే గాని కచ్చితమైన తేదీ కాదు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది యుద్ధానంతరపు వస్తువుల విషయంలో. తోలు శిరస్త్రాణాల తయారీ 1945తో ఆగిపోలేదు. సోవియట్ యూనియన్, చైనా దేశాలలో అవి ఆ తరువాత దశాబ్దాల పాటు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. అవి నకిలీలు కావు, ఆయా దేశాల వైమానికులకు తయారైన నిజమైన వస్తువులు. కాని వాటి చీటీలను తొలగించి, రెండవ ప్రపంచ యుద్ధం నాటివని చెప్పి అమ్మేవారు ఉన్నారు. వాటితో పాటు మోటారు సైకిలు నడిపేవారి కోసం, చలనచిత్రాల కోసం కొత్తగా తయారైన నమూనాలు కూడా బజారులో ఉన్నాయి. నమూనాను నమూనాగా అమ్మడంలో తప్పులేదు. దానిని అసలు వస్తువుగా నమ్మించడంలోనే మోసం ఉంది.

పేరు రాసి ఉంటే చాలునా?

శిరస్త్రాణం ఏ రకానికి చెందినదో తెలుసుకోవడం ఒక ఎత్తు, దానిని ఎవరు ధరించారో తెలుసుకోవడం మరొక ఎత్తు. లోపల సిరాతో ఒక పేరు, సైనిక సంఖ్య రాసి ఉంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుచేతనే అక్కడ మోసానికి అవకాశం కూడా ఎక్కువ. ఆ పేరు గల వ్యక్తి నిజంగా ఉన్నాడా, ఆ శిరస్త్రాణం వాడుకలో ఉన్న కాలంలో విమానాలు నడిపాడా, ఏ దళంలో పనిచేశాడు అనే ప్రశ్నలకు సమాధానాలు వెదకాలి. బ్రిటిష్ దళాల దినచర్య పుస్తకాలు లండన్ సమీపంలోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఏ తేదీన ఎవరు ఏ విమానంలో వెళ్లారో వాటిలో చూడవచ్చు. అప్పుడు కూడా పేరు అక్కడ కనిపించడం వల్ల ఆ మనిషి ఉన్నాడని తెలుస్తుందే గాని, ఈ శిరస్త్రాణం అతనిదేనని రుజువు కాదు.

ఈ కష్టాన్ని చక్కగా తెలిపే ఉదాహరణ అమెరికాలో లభించింది. సైనికురాలు కాకపోయినా విమానయాన చరిత్రలో చిరస్థాయిగా నిలిచిన అమేలియా ఇయర్‌హార్ట్ 1928లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని విమానంలో దాటిన మొదటి మహిళ. ఆ ప్రయాణంలో ఆమె తోలు శిరస్త్రాణం ధరించింది. 1929లో క్లీవ్‌లాండ్ నగరంలో ముగిసిన మహిళా విమాన పందెం సందర్భంగా జనసందోహంలో ఆ శిరస్త్రాణం పోయింది. అది దొరికిన ఒక బాలుడు తాను ఇష్టపడిన బాలికకు బహుమతిగా ఇచ్చాడట. ఆ బాలిక దానిని జీవితాంతం దాచుకుంది. కుటుంబంలోని వారికి కథ తెలుసు, కాని నోటిమాట తప్ప వేరే ఆధారం లేదు. చివరకు ఇయర్‌హార్ట్ ఛాయాచిత్రాలలోని శిరస్త్రాణంతో ఈ శిరస్త్రాణాన్ని నిపుణులు సూక్ష్మంగా పోల్చి చూసి, రెండూ ఒకటేనని నిర్ధారించారు. 2022లో జరిగిన వేలంలో అది 8,25,000 డాలర్లకు అమ్ముడుపోయింది. కథ దశాబ్దాల పాటు ఒక్కటే, తోలు ఒక్కటే. రుజువు దొరకడమే కొత్తగా జరిగినది.

ధర వెనుక మనిషి

డబ్బు లెక్కల మధ్య మరువరాని విషయం ఒకటి ఉంది. ఈ శిరస్త్రాణాలను ధరించినవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు నిండీ నిండని యువకులు. నేటి కళాశాల విద్యార్థుల కంటే వారు కొద్దిగానే పెద్దవారు. విమానం అంటుకున్నప్పుడు క్షణాలలో మంటలు చుట్టుముట్టేవి. ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అనే శస్త్రవైద్యుడు అటువంటి వైమానికులకు కొత్త చర్మం అతికి, ముఖాలు తీర్చిదిద్దాడు. తోలు కప్పిన తలభాగం దక్కి, కప్పని ముఖం, చేతులు కాలిపోయినవారు వారిలో ఎందరో ఉన్నారు. ఆ రోగులు 1941లో గినీ పిగ్ క్లబ్ అనే పేరుతో ఒక సంఘం ఏర్పరచుకున్నారు. యుద్ధం ముగిసేనాటికి దానిలో 649 మంది సభ్యులు ఉన్నారు. తోలు అంచు ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి వారి ముఖాల మీద మచ్చలు మొదలయ్యాయి.

ఈ సంగతి తెలిసినవారు శిరస్త్రాణాన్ని కేవలం అలంకార వస్తువుగా చూడలేరు. ఒక నకిలీ శిరస్త్రాణంలో మరణించిన వైమానికుని పేరు రాసి అమ్మడం కొనేవానిని మోసగించడంతో ఆగదు, చనిపోయినవాని స్మృతిని కూడా అమ్ముకోవడమవుతుంది. పేరు తెలియని శిరస్త్రాణానికి గొప్ప పేరు అంటగడితే, దానిని నిజంగా ధరించిన అనామకుని గుర్తు శాశ్వతంగా చెరిగిపోతుంది. బ్రిటన్ 1986లో సైనిక అవశేషాల రక్షణ చట్టాన్ని చేసింది. ఆ దేశంలో సైనిక విమానాలు కూలిన స్థలాలను అనుమతి లేకుండా తవ్వడం, అక్కడి వస్తువులను తీసుకుపోవడం నేరం.

సంరక్షణ

దొరికిన వస్తువును నిలబెట్టుకోవడం కూడా సేకర్త బాధ్యతే. తోలు పొడిబారిందని నూనె రాయడం చాలామంది చేసే పొరపాటు. నూనె తోలును నల్లబరుస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, కుట్లను బలహీనపరుస్తుంది. అస్తరు మీద సిరాతో ఉన్న ముద్రలు నూనె తగిలితే అలుక్కుపోతాయి. తోలులోని కొవ్వు, ఇత్తడి బటన్లలోని రాగి కలిసి పచ్చని చిలుము ఏర్పడుతుంది. దానిని మెత్తని పుల్లతో నెమ్మదిగా తొలగించాలి. నీటితో కడగకూడదు.

గాలిలో తేమ ఎక్కువైతే బూజు పడుతుంది, మరీ తక్కువైతే తోలు పగుళ్లు తీస్తుంది. సముద్రతీర ప్రాంతాలలో వర్షకాలంలో ఈ ప్రమాదం అధికం. ఉన్ని అస్తరుకు చిమ్మెటలు శత్రువులు. ఎండ రంగును హరిస్తుంది, వేడి రబ్బరు గిన్నెలను గట్టిపరచి పగులగొడుతుంది. శిరస్త్రాణాన్ని మడిచి పెట్టక, ఆమ్లరహితమైన పలుచని కాగితాన్ని ఉండలుగా చేసి లోపల నింపి, తల ఆకారంలో నిలిపి ఉంచాలి. ఎవరి వద్ద కొన్నారు, ఎప్పుడు కొన్నారు, అమ్మినవారు ఏమి చెప్పారు, పరిశీలనలో ఏమి తేలింది అనే వివరాలను రాసి దానితో పాటు భద్రపరచాలి. తెలిసినదాన్ని తెలిసినట్లు, విన్నదాన్ని విన్నట్లు వేరువేరుగా రాయడం ఉత్తమ సేకర్త లక్షణం.

1940 దశకం చివరి నుంచి జెట్ విమానాల వేగం పెరిగింది. ఆసనంతో సహా చోదకుని బయటికి విసిరే ఏర్పాటు వచ్చింది. తోలు టోపీ ఆ తాకిడికి తలను కాపాడలేదు. దాని స్థానంలో గట్టి శిరస్త్రాణాలు వచ్చాయి. తోలు శిరస్త్రాణం ఆకాశం నుంచి దిగి అద్దాల పెట్టెలోకి చేరింది.

అక్కడ అది మౌనంగా ఉంటుంది. గొప్ప వీరుని పేరు చెప్పినా అది కాదనదు, అబద్ధం అంటగట్టినా ఎదురు చెప్పదు. దాని తరఫున నిజం చెప్పవలసినది దానిని చేతిలో పట్టుకున్న మనిషి. ఒక కుట్టును, ఒక బటన్‌ను, వెలిసిపోయిన ఒక ముద్రను శ్రద్ధగా చూసి, తేలినంతవరకే చెప్పి, తేలని చోట ఆగగలిగినవాడు ఎన్నడూ చూడని ఒక యువకునికి న్యాయం చేసినవాడవుతాడు.